పన్నెండింటి సైరన్

గుట్టను తగలబెట్టింది మీరే. మేయరు గారూ, మీరే. నీళ్ళ ఆఫీసులో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చునే పెద్దమనిషీ, నువ్వే. మా పెరళ్ళ దాకా పైన్ చెట్లు నాటించి, రాలిన ఆకు కూడా ఎత్తించకుండా, కోతకొచ్చినప్పుడు మాత్రం లారీలేసుకుని దిగే కంపెనీ వాళ్ళూ, మీరే. అగ్గి ఎక్కడ పుట్టిందని విచారణ చేయించారు. కరెంటు తీగ అన్నారు, గాలి అన్నారు, ఎవడో సిగరెట్టు పారేశాడన్నారు. మరి మంటలార్పడానికని వీధి చివర పెట్టిన ఎర్ర కుళాయి తిప్పితే నీళ్ళెందుకు రాలేదో ఆ కాగితాల్లో ఒక్క ముక్క లేదు. బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత ఒక తుప్పు చుక్క. ఆ తర్వాత ఒక సాలెపురుగు, నిద్ర పాడుచేశామన్నట్టు విసుగ్గా బయటికి నడిచి వెళ్ళింది. పదకొండు ఇళ్ళు పోయాయి మా లాస్ పర్దేలాస్ గుట్ట మీద. మీ ఇళ్ళు కావు. రెండేళ్ళుగా ఇవే మాటలు ప్లైవుడ్ చెక్కల మీద తారుతో రాసి మీ మెట్ల ముందు నిలబెట్టాను, ఇప్పుడీ బల్ల మీద కూర్చుని కూడా అవే నోట్లో తిప్పుకుంటున్నాను, చక్కెర బిళ్ళ చప్పరించినట్టు, ఊరికే, అలవాటుగా, ఎందుకంటే చేతులు ఖాళీగా ఉన్నాయి, అవతలి గదిలో తలుపు వేసుకుని ఊరి ఫైరు దళం వాళ్ళు నన్ను చేర్చుకోవాలా వద్దా అని ఓటు వేస్తున్నారు, నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఏమీ లేదంటే మనసుకి బాధగా ఉండాలి గదా, లేదు. బండి పక్కన కూర్చున్నాను. మంటలార్పే ఎర్ర బండి, నాకంటే పదేళ్ళు చిన్నది, అంటే అదీ ముసలిదే. డీజిల్ వాసన, తడి పైపుల వాసన, పోయిన వారం కాలిన కోళ్ళగూడు వాసన ఇంకా కోట్లలో ఉంది. తలుపు రెక్కలు రెండూ తెరిచే ఉన్నాయి, ఎప్పుడూ తెరిచే ఉంటాయి, అందులోంచి సాయంత్రపు ఎండ పడుకుని నా మోకాళ్ళ దాకా వచ్చింది. రేవులో పడవలు ఒడ్డుకి లాగేశారు. నేను కోసిన సముద్రపు నాచు రాళ్ళ మీద ఆరుతోంది, మంచు దిగకముందు తిరగెయ్యాలి, సునిల్దాకి చెప్పొచ్చాను, తిరగేస్తుందో లేదో. "రానిస్తే రొట్టె కాలుస్తా, రానివ్వకపోయినా రొట్టె కాలుస్తా, నాచు సంగతి నన్నడక్కు" అంది. మా అక్క అంతే. యాభై ఒక్కేళ్ళొచ్చాక మగాళ్ళ బూట్లేసుకుని నిచ్చెనలెక్కుతావా, కింద నిలబడి నవ్వే వాళ్ళలో మొదటిదాన్ని నేనే అంది. తనే నా ప్యాంటు మోకాళ్ళకి రెండో పొర గుడ్డ వేసి కుట్టింది, మిషను లేదు, చేత్తో. మిషను గుట్ట మీద కాలిపోయింది. తనింటితో పాటు.

టక్. మొదటి గోళీ. తలుపు పలచన, బాగా వినిపిస్తుంది. ఒక్కొక్కరికి ఒక తెల్లది, ఒక నల్లది ఇస్తారు, రెండు గుప్పిళ్ళలో రెండూ దాచుకుని వెళ్ళి, పెట్టెలో చెయ్యి పెట్టి ఒకటి వదలాలి, మిగిలింది గుడ్డ పరిచిన రెండో పెట్టెలో చప్పుడు కాకుండా పడెయ్యాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు, అడగకూడదు, చెప్పకూడదు. వీళ్ళ తాతల కాలం నుంచీ ఇంతే. మూడు నల్లవి పడితే మనిషి ఇంటికి. జీతం లేదు, భోజనం లేదు, అర్ధరాత్రి లేచి పొగలోకి పరిగెత్తే పని, దానికి ఇంత పెద్ద పరీక్ష ఏమిట్రా అని పూర్వం నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు. పద్నాలుగు మంది ఉన్నారు లోపల. టక్. తెల్లదానికీ నల్లదానికీ చప్పుడులో తేడా లేదు, విని చూశాను, చెవి రిక్కించి మరీ విన్నాను, లేదు.

ఆరు నెలల గురువారాలు. ఏడింటికి వచ్చేదాన్ని, నేల కడిగేదాన్ని, పైపులు ఆరబెట్టేదాన్ని. మొదటి రోజు పైపు చుట్టమని దోన్ బౌదిలియో చెప్పాడు. డ్రైవరు ఆయన, ఊరంతా మర్యాదగా దోన్ అంటుంది, డెబ్బై రెండేళ్ళు, మోకాలొకటి పనిచెయ్యదు, బండి ఆయన కాలి కింద తప్ప ఇంకెవరి కింద కదలదు. పైపంటే నాకేం కొత్త, ముప్పై ఐదేళ్ళుగా సముద్రంలో నడుం లోతున నిలబడి నాచు తాళ్ళు కోసి ఈడ్చి చుట్టలు కట్టిన చేతులివి, ఒక కొసన పట్టి బిగించి చుట్టేశాను, మధ్యలో నారతో కట్టు కూడా వేశాను, మోపు నిలబెడితే నిలబడింది. ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"బాగుంది. సంతకి పంపుదామా?"

"ఏం, ఏమైంది?"

"ఏమీ కాలేదు తల్లీ. ఇల్లు కాలుతోంది అనుకో. నువ్వు కట్టు విప్పు, చుట్ట విప్పు, మధ్యలో ఇరుక్కున్న ఇత్తడి మూతి వెతుక్కో, ఈలోపు ఆ ఇంటాయన కాలడం పూర్తిచేసి, స్నానం చేసి, వచ్చి నీకు సాయం పడతాడు."

అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను, నాకే ఆశ్చర్యం వేసింది, అంతకుముందు ఆ మనిషి మాట్లాడితే నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఆయనే చూపించాడు, పైపును సగానికి మడిచి, మడత దగ్గర మొదలెట్టి చుట్టుకుంటూ వస్తే రెండు మూతులూ బయటే ఉంటాయి, ఒక్క తన్ను తంతే చాలు, దానంతటదే దొర్లుకుంటూ విప్పుకుంటుంది. విప్పడానికి చుట్టాలి, దాచడానికి కాదు. ఇంటికెళ్ళి నాచు కూడా అలాగే చుట్టి చూశాను. సునిల్దా నెత్తి కొట్టుకుంది, కొనేవాడు ఇదేం చుట్టరా నాయనా అన్నాడట. టక్. ఎన్నోది? నాలుగు. ఐదు.

నన్ను బౌదిలియో పేరు పెట్టి పిలవడు. రాళ్ళమ్మా అంటాడు. రాళ్ళమ్మా, ఆ బకెట్టు ఇలా ఇయ్యి. రాళ్ళమ్మా, బండి దగ్గర నిలబడకు, నాకు భయం. అనే హక్కుంది ఆయనకి. గుట్ట కాలిన రోజు బండి పైకెక్కుతుంటే రాయి విసిరింది నేనే. పిడికెడు రాయి కాదు, రెండు చేతులతో ఎత్తిన రాయి. ముందు అద్దం మొత్తం సాలెగూడులా అయిపోయి ఆయన ఒళ్ళో రాలింది. బండి ఆగలేదు. అదే నాకు గుర్తుండిపోయింది, ఆయన ఒక చేత్తో గాజు పెంకులు తుడుచుకుంటూ రెండో చేత్తో స్టీరింగు తిప్పుతూ నన్ను దాటి పైకి వెళ్ళిపోయాడు, నా వైపు చూడను కూడా లేదు. ఇప్పుడా వచ్చేది, ఇప్పుడా, అని అరుస్తున్నాను నేను, ముఖమంతా మసి. ఆ అద్దం ఆ కాలపు బండికి ఎక్కడా దొరకలేదు, ఎనిమిది నెలలు ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించుకుని నడిపారు. వానాకాలమంతా. వాన పడితే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నడిపేవాడు, ఊళ్ళో పిల్లలు బండి వెంట పరిగెత్తి నవ్వేవాళ్ళు, నేను కిటికీ తెర పక్కకి జరిపి చూసేదాన్ని, తెర వదిలేసేదాన్ని. ఒక్కసారి కూడా వెళ్ళి తప్పైంది అనలేదు. తప్పు మేయరుది గదా. తప్పు నీళ్ళ ఆఫీసుది గదా. కాదా? వాళ్ళదే. ఇప్పటికీ వాళ్ళదే, అందులో ఒక్క అక్షరం తగ్గించను. అయినా ఆ రాయి మేయరు కారు మీద పడలేదు. ఆ మెట్ట దారిలో పైకి వెళుతున్నది ఒకే ఒక్క బండి, దాని మీద పడింది.

ఎనిమిది. తొమ్మిది. ఎవరో దగ్గారు. నిబాల్దో దగ్గు అది, కెప్టెను, రొట్టెల కొట్టు ఆయన, పిండి దగ్గు.

ఆ రోజు ఎందుకు ఆలస్యమైందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగడం మాకు పుట్టినప్పటి నుంచీ ఉంది. సైరన్ మోగితే వంటింట్లో గరిటె లేస్తుంది, రేవులో కత్తి తుడుచుకుంటారు, బళ్ళో పిల్లలు పుస్తకాలు మూస్తారు. అది నిప్పు కోసం పెట్టిన సైరన్ అని మర్చిపోయేంతగా అది మా ఆకలి సైరన్ అయిపోయింది. పన్నెండుకి ఒక్క కూత, మంటకి మూడు కూతలు, అందరికీ వచ్చు. ఆ జనవరి మంగళవారం, మాకు జనవరంటే నడివేసవి, ఆకు కదలని ఎండ, గుట్ట మీద పొగ కనిపించిందని కబురొచ్చింది, నిబాల్దో బొత్తాం నొక్కాడు, అప్పుడు గడియారంలో పన్నెండుకి ఒక్క నిమిషం తక్కువ.

నేను విన్నాను. మొదటి కూత విన్నాను, గడియారం చూశాను, పన్నెండు అన్నాను పైకే, గరిటె తీశాను. రెండో కూత కూడా విన్నాను. ఎవడో కొత్తవాడి చెయ్యి బొత్తాం మీద ఇరుక్కుపోయింది అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా. మూడోది విన్నానో లేదో తెలియదు, గుమ్మడికాయ వేసిన చిక్కుడు గింజలు వడ్డిస్తున్నాను, ఒక పళ్ళెం నాకు, ఒకటి సునిల్దాకి, పన్నెండింటికి గుట్ట దిగి నా దగ్గర తినడం తనకి అలవాటు. ఇంకా రాలేదేమిటి మహారాణి అని తిట్టుకున్నాను. తన పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించాను చల్లారకుండా. తిన్నాను. తిన్నాను నేను, కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ, పళ్ళెంలో సగం దాకా, అప్పుడు కుక్కలు మొదలెట్టాయి, అప్పుడు వాసన వచ్చింది, పైన్ కాలే వాసన కాదు, రంగు కాలే వాసన, తలుపుల రంగు, కిటికీల రంగు. సగం దారిలో సునిల్దా ఎదురొచ్చింది, మిషను మూత ఒక్కటే చేతుల్లో పెట్టుకుని, మిషను తెచ్చాననుకుంటోంది. కాళ్ళకి చెప్పులు లేవు. నన్ను చూసి మొదట అన్న మాట, "వడ్డించావా?" దానికి ఇప్పుడు ఇద్దరం నవ్వుతాం. నవ్వడానికి ఏడాది పట్టింది.

ఆ బండిలో పైకెళ్ళింది ఇద్దరే, బౌదిలియో, నిబాల్దో. మిగతా వాళ్ళు ఇరవై నిమిషాల తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చారు, ఒకడి మెడలో తినేటప్పుడు కట్టుకునే గుడ్డ అలాగే ఉంది. అది చూసి ఊరంతా బూతులు తిట్టింది, అందరికంటే గట్టిగా తిట్టింది నేను. నా చేతికి ఉల్లిపాయ వాసన ఇంకా ఉంది అప్పుడు.

తర్వాత పన్నెండింటి సైరన్ తీసేశారు. ఊళ్ళో గోల. ఎప్పుడు తినాలో ఎలా తెలుస్తుందట. అర్జీ పెట్టారు, సంతకాలు తీసుకున్నారు, ఇళ్ళు కాలితే పెట్టనివాళ్ళు కూడా దానికి సంతకం పెట్టారు. చివరికి నిబాల్దో తన కొట్టు ముందు ఇనప కమ్మీ వేలాడదీసి పన్నెండింటికి సుత్తితో కొడుతున్నాడు. ఆ చప్పుడుకి తిండి సహించడం లేదని ముసలివాళ్ళు ఇప్పటికీ సణుగుతారు. సణగనీ. సైరన్ ఇప్పుడు మోగితే ఒక్కటే అర్థం. అది సాధించడానికి నేను చేసిందేమీ లేదు, అదీ చెప్పాలి, నేనా రోజుల్లో చెక్కల మీద తారు పూస్తున్నాను.

పదకొండు. పన్నెండు. ఎండ ఇప్పుడు నా చేతుల మీదికొచ్చింది. చేతులు బాగున్నాయి. బండి చక్రాన్ని ఆనుకుని కూర్చోవడం బాగుంది. వీళ్ళు వద్దన్నా సరే ఈ ఆరు నెలలు నావే అనిపిస్తోంది, పోయిన వారం ఆ కోళ్ళగూడు దగ్గర పైపు మొదటిసారి నా చేతిలో బరువెక్కినప్పుడు, నీళ్ళొచ్చి అది పాములా లేచినప్పుడు, వెనక నుంచి ఎవరో నా నడుం పట్టి నిలబెట్టారు, ఎవరో తిరిగి చూడలేదు, చూడక్కర్లేదు. అంత తిరిగినదాన్ని, అంతమంది ముందు మైకు లాక్కుని మాట్లాడినదాన్ని, నా వెనక అలా ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. అబద్ధం ఎందుకు, లోపలికి రావాలని ఉంది నాకు. చాలా ఉంది. ఈ ఊళ్ళో ఇంకేదీ ఇంతగా అడగలేదు నేను, డిమాండు చెయ్యడమే తెలుసు, అడగడం ఇదే మొదలు.

దళంలో చేరే అర్జీలో ఒక ప్రశ్న ఉంటుంది. మీరు ఎందుకు చేరదలచుకున్నారు? మూడు గీతలు ఖాళీ ఇస్తారు. నేను నాలుగు పేజీలు రాశాను, మేయరుతో మొదలెట్టి. చదువుకుంటే నాకే విసుగొచ్చింది, చించేశాను. రెండోసారి మూడు గీతల్లోనే రాశాను. ఆ రోజు సైరన్ విన్నాను. గడియారం చూశాను. గింజలు వడ్డించాను. యెసెనియా తీసుకుంది కాగితం, బడిలో పంతులమ్మ, ఇక్కడ కార్యదర్శి, చదివి కళ్ళద్దాలు తీసింది.

"అత్తా, ఇది కారణం కాదు. ఒప్పుకోలు."

"ఏదో ఒకటి. ముద్ర వెయ్యి."

"ఓటుకి ముందు ఇది అందరి ముందూ పైకి చదవాలి, తెలుసా?"

"నాకు చదవడం రాక ఇవ్వలేదులే."

ఇందాక చదివింది. నేను ఇక్కడి నుంచి విన్నాను, పంతులమ్మ గొంతు, అక్షరం అక్షరం. చదివాక లోపల కుర్చీ ఒకటి కిర్రుమంది. తర్వాత ఎవరిదో మగ గొంతు, నెమ్మదిగా, "నేను చేప తోముతున్నా. ఆ ఒక్క చేప పూర్తిచేసే లేచా." ఇంకో గొంతు, "నేను పళ్ళెం ముందు కూర్చున్నా. మా ఆవిడ ఇంకోసారి మోగింది వెళ్ళవయ్యా అంటే, కూర్చోవే అన్నా." ఇంకొకడు ఏదో అనబోయి ముక్కు చీదాడు. యెసెనియా బల్ల మీద పెన్సిల్‌తో కొట్టింది, "ఓటుకి ముందు చర్చ లేదు, నిబంధన" అంది, కానీ గట్టిగా అనలేదు. రెండేళ్ళలో ఆ గదిలో ఎవరూ అనని మాటలు అవి. నేను బండి చక్రం వైపు తిరిగి కూర్చున్నాను కాసేపు.

పదమూడు. ఇంకొకటి. ఒక్కటే రావాలి. అడుగు, ఈడ్పు, అడుగు, ఈడ్పు. ఆ మోకాలు నాకు తెలుసు. అందరికంటే చివర లేచాడు, అందరికంటే నెమ్మదిగా నడుస్తున్నాడు, పెట్టె దగ్గర ఆగాడు, ఆగే ఉన్నాడు. ఎనిమిది నెలల వాన కళ్ళల్లో పడ్డ మనిషి. టక్.

తలుపు తెరిచింది యెసెనియానే. "రండి, ఒతీలియా గారూ" అంది, ఎప్పుడూ అత్తా అనే పిల్ల. లోపల అందరూ నిలబడ్డారు, చొక్కాల బొత్తాలు పైదాకా పెట్టుకుని. నిబాల్దో చేతిలో పళ్ళెం, పళ్ళెంలో గోళీలు, మూడుసార్లు దగ్గాడు.

"పన్నెండు తెల్లవి. రెండు నల్లవి. అక్కా, ఇంక నువ్వు మాదానివి."

చప్పట్లు. ఒక్క నల్లది తక్కువై బతికిపోయాను అని లెక్క వేసుకునేలోపే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు, ఎవరో భుజం మీద కొట్టారు, చేప తోమినవాడు ఎవడో తెలియలేదు, అందరి చేతులూ చేప వాసనే. బౌదిలియో గోడకి ఆనుకునే ఉన్నాడు. నేనే వెళ్ళాను.

"రాళ్ళమ్మా."

"దోన్ బౌదిలియో. ఆ రోజు..."

"అడక్కూడదు, చెప్పకూడదు, నిబంధన" అన్నాడు. "ఒక నల్లది నాదే."

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"ఏం చూస్తావ్? ఎనిమిది నెలలు. తెల్లది వేస్తే ఆ ఎనిమిది నెలలూ నన్ను చూసి నవ్వవూ? మిగతా వాళ్ళంతా తెల్లదే వేస్తారని తెలుసు. అందుకని ధైర్యంగా వేశా."

"మరి అందరూ మీలాగే అనుకుని ఉంటే?"

"అనుకోరు. వాళ్ళకి అంత బుర్ర లేదు." ఆగాడు. నిబాల్దో చేతిలో పళ్ళెం వైపు చూశాడు, రెండు నల్లవి. "ఒకడికి ఉన్నట్టుంది."

అప్పుడు వచ్చింది నాకు నవ్వు, ఆగలేదు, ఆయనకీ వచ్చింది, పళ్ళు లేని నవ్వు, ఆ నవ్వులోనే తప్పైంది నాయనా అన్నాను, విన్నాడో లేదో, తల ఊపాడు. జేబులోంచి తాళాలు తీసి, రేపు పొద్దున్న ఆరింటికి రా, బండి స్టార్టు చెయ్యడం నేర్పిస్తా, నా మోకాలు ఎన్నాళ్ళుంటుందో ఏమో అన్నాడు.

కొత్తగా చేరినవాళ్ళు రెండు ముక్కలు మాట్లాడాలి, కృతజ్ఞతలు చెప్పాలి, అదీ ఆచారమే. చెప్పాను. తర్వాత గోడ చూశాను. కోట్లు తగిలించే కొక్కేలు ఇరవై రెండున్నాయి, నా దాంతో కలిపి కోట్లు పదిహేను. అందుకని ఆ గదిలో పట్టని మాటలు ఇక్కడ చెబుతున్నాను, ఊరి వాళ్ళందరికీ, కమ్మీ చప్పుడు బాగాలేదని సంతకం పెట్టిన ప్రతి ఒక్కరికీ. వేసవి రావడానికి ఇంకా పది వారాలే ఉంది. మంట వచ్చాక ఫోన్లు పట్టుకుని వీడియో తీయడానికి మీ దగ్గర చేతులున్నాయి, అవి మాకు కావాలి. మీరు ఆ రోజు ఏం తింటున్నారో మేం అడగం, చెప్పాలనుంటే చెప్పండి. నాకు యాభై ఒకటి, ముసలివాళ్ళం అనే సాకు డెబ్బై రెండు దాటినవాళ్ళే చెప్పాలి. బూట్లు పెద్దవైతే రెండు జతల మేజోళ్ళు వేసుకోండి. ఏడు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. వచ్చే గురువారం ఏడింటికి ఏడుగురు రావాలి. రండి.